వెయ్యి డాలర్లూ, 121 రూపాయల కూలీ

2011 మే నెలలో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఎరిక్ ఫిన్‌మన్ అనే పన్నెండేళ్ళ కుర్రాడికి వాళ్ళ బామ్మ వెయ్యి డాలర్లు ఇచ్చింది. అన్న చెప్పాడని అతను వాటిని బిట్‌కాయిన్‌లో పెట్టాడు. 2017లో, పద్దెనిమిదేళ్ళ వయసుకే పది లక్షల డాలర్ల ఆస్తిపరుడయ్యాడని పత్రికలు అతని ఫొటో వేశాయి. అదే 2011లో శ్రీకాకుళం జిల్లాలో చెరువు మట్టి తవ్వితే ఉపాధి హామీ పథకం ఇచ్చే కూలీ రోజుకి 121 రూపాయలు. అప్పటి మారకంలో వెయ్యి డాలర్లు దగ్గర దగ్గర 45 వేల రూపాయలు, అంటే 372 రోజుల కూలీ. చట్టం ఒక కుటుంబానికి హామీ ఇచ్చింది ఏడాదికి వంద రోజులే. తిండీ బట్టా మానేసి దాచినా ఆ బామ్మ కానుకంత సొమ్ము కూడబెట్టడానికి ఇక్కడి కుటుంబానికి నాలుగేళ్ళు కావస్తుంది. కొలతలు వేశాక చేతికొచ్చేది 121 కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి.

క్రిప్టో కరెన్సీని ముందుగా కొని చిన్న వయసులోనే కోట్లు గడించిన వాళ్ళ కథలు మన ఉత్తరాంధ్రలోనూ చాలాకాలంగా తిరుగుతున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో, బస్టాండు టీ బడ్డీల దగ్గర, పండక్కి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనల్లుడి నోట ఇవి వినబడతాయి. అన్నిటి సారం ఒకటే: ముందే పసిగట్టినవాడు బాగుపడ్డాడు, మనం నిద్రపోయాం. ఈ మాటలో సగం నిజముంది. ఆ సగమేదో, మిగతా సగం మన జిల్లాల కుర్రాళ్ళని ఎక్కడికి తీసుకుపోయిందో చూడటమే ఈ వ్యాసం పని.

ముందుగా ఆ బాగుపడ్డవాళ్ళ సంగతి. బిట్‌కాయిన్ ప్రతిపాదన సతోషీ నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబర్ 31న బయటికొచ్చింది. 2009 జనవరి 3న మొదటి బ్లాకు పుట్టింది. మొత్తం 2 కోట్ల 10 లక్షల కాయిన్లకు మించి పుట్టవన్నది మొదట్లోనే పెట్టిన కట్టడి. 2009లో క్రిస్టఫర్ కోక్ అనే నార్వే యువకుడు ఏదో చదువు పనిలో భాగంగా 27 డాలర్లు పెట్టి 5 వేల కాయిన్లు కొన్నాడు. కొని మర్చిపోయాడు. 2013లో వార్తలు చూసి గుర్తొచ్చి, పాస్‌వర్డు వెతుక్కుని తెరిస్తే వాటి విలువ దాదాపు 8 లక్షల 86 వేల డాలర్లు. కొంత అమ్మి ఓస్లోలో ఫ్లాట్ కొనుక్కున్నాడు. ఈ కథని మనవాళ్ళు అదృష్టం కింద చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో కొట్టొచ్చినట్టు కనబడేది ఆ మరపు. 27 డాలర్లంటే ఆనాడు 1,250 రూపాయల పైచిలుకు. గజపతినగరం కూలీ కుటుంబానికి అది రెండు వారాల సంపాదన. దాన్ని ఎక్కడో పెట్టి నాలుగేళ్ళు మర్చిపోవడం ఇక్కడ ఎవరి వల్లా కాదు. మూడో నెలలోనే ఎరువుల బస్తా కోసమో ఆసుపత్రి కోసమో బయటికి తీసేవాళ్ళం.

వింకిల్‌వాస్ కవలలది ఇంకో దారి. ఫేస్‌బుక్ పుట్టుక తగాదాలో వాళ్ళకి 6.5 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. 2013 నాటికి వాళ్ళ దగ్గర దాదాపు కోటీ పది లక్షల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు పోగయ్యాయి. మొత్తం పోయినా వాళ్ళు రోడ్డున పడరు. ఫిన్‌మన్ తల్లిదండ్రులు స్టాన్‌ఫర్డ్‌లో చదివినవాళ్ళు. అంటే ఆ పన్నెండేళ్ళ పిల్లవాడి చెవికి సంగతి ముందుగా చేరడం వెనక ఒక ఇల్లుంది, ఆ ఇంటికున్న పరిచయాలున్నాయి. ముందుచూపు ఉండొచ్చు, కాదనను. దాని కింద మిగులు డబ్బు, మిగులు తీరిక, సమాచారం ముందుగా వచ్చే ఇల్లు ఉన్నాయి. 2011లో మన జిల్లాల్లో ఈ మూడూ ఉన్నవాళ్ళు భూమి కొన్నారు.

ఇక ముందుగా కాయిన్లు చేజిక్కించుకుని కూడా ఏమీ మిగలనివాళ్ళ జాబితా చాలా పెద్దది. 2010 మే 22న లాస్లో హాన్యెజ్ అనే ప్రోగ్రామర్ రెండు పిజ్జాలకి 10 వేల బిట్‌కాయిన్లు ఇచ్చేశాడు. వేల్స్ దేశపు జేమ్స్ హవెల్స్ 2013లో ఇల్లు సర్దుతూ దాదాపు 8 వేల కాయిన్ల తాళం ఉన్న హార్డ్ డిస్కుని చెత్తలో పారేశాడు. ఆ చెత్తదిబ్బ తవ్వనివ్వమని ఏళ్ళ తరబడి నగరపాలక సంస్థతో పోరాడాడు. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ 2014 ఫిబ్రవరిలో కుప్పకూలినప్పుడు పోయాయని చెప్పిన కాయిన్లు 8.5 లక్షలు. ఆ తర్వాత 2 లక్షలు దొరికాయి. పోగొట్టుకున్న వాళ్ళంతా మొదటి వరస మదుపరులే. ముందుగా కొనడం ఒక పరీక్ష అయితే పోకుండా దాచుకోవడం రెండోది, అమ్మకుండా ఓర్చుకోవడం మూడోది. మూడూ గట్టెక్కిన కొద్దిమంది ఫొటోలే మన వాట్సాప్‌ దాకా వస్తాయి.

మన దేశంలో దారి తెరుచుకున్న తీరు కూడా చూడాలి. బెంగళూరులో యునోకాయిన్ 2013లో మొదలైంది. ఆ ఏడాది డిసెంబర్ 24న రిజర్వు బ్యాంకు తొలి హెచ్చరిక జారీ చేసింది. రెండు రోజులకే అహ్మదాబాదులో ఈడీ సోదాలు జరిగాయి. బిట్‌కాయిన్ నగరాల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న కొద్దిమంది ఆటగా ఉన్న ఆ రోజుల్లో ఇక్కడ చాలా మండలాల్లో సిగ్నలే సరిగా అందేది కాదు. 2016లో మూడు సంగతులు కలిసొచ్చాయి. యూపీఐ వచ్చింది, సెప్టెంబర్‌లో జియో ఉచిత డేటా వచ్చింది, నవంబర్ 8న పెద్దనోట్ల రద్దు వచ్చింది. 2017 జనవరిలో వెయ్యి డాలర్ల దగ్గరున్న బిట్‌కాయిన్ డిసెంబర్‌కి 20 వేలకి చేరువైంది. సరిగ్గా మనవాళ్ళకి ఆ పేరు తెలిసేసరికి పతనం మొదలైంది. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ క్రిప్టో వ్యాపారానికి దూరంగా ఉండమని ఆదేశించింది. ఆ డిసెంబర్‌లో ధర 3 వేల 200 డాలర్ల దగ్గరకి పడింది.

2020 మార్చి 4న సుప్రీంకోర్టు, జస్టిస్ రోహింటన్ నారిమన్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మూడు వారాలకి లాక్‌డౌన్. హైదరాబాదు, బెంగళూరుల్లో పనిచేసే కుర్రాళ్ళు లాప్‌టాప్ సంచులతో ఊళ్ళకి దిగారు. కాలేజీలు మూసేస్తే పిల్లలు ఇళ్ళలో ఫోన్లతో మిగిలారు. ఉత్తరాంధ్ర గ్రామాల్లో క్రిప్టోకి నిజమైన మొదలు అదే. అరుగు మీద కూర్చుని ఒకరు ఆఫీసు మీటింగులో ఉంటే, పక్కన తమ్ముడు గ్రాఫు చూస్తున్నాడు. 100 రూపాయలతో కూడా కొనొచ్చన్న యాప్‌లు వచ్చాయి. 2021లో ఐపీఎల్, టీ20 ప్రపంచ కప్పు మ్యాచ్‌ల మధ్య రణ్‌వీర్ సింగ్, ఆయుష్మాన్ ఖురానా ఆ యాప్‌ల ప్రకటనల్లో కనబడ్డారు. బిట్‌కాయిన్ ఖరీదు చూసి జంకినవాళ్ళు షీబా ఇను వంటి కాయిన్ల మీద పడ్డారు. వెయ్యి రూపాయలకి లక్షకు పైగా కాయిన్లు రావడమంటే మాటలా! లక్ష అన్న అంకెకి మన మనసులో ఉన్న బరువే ఆ కాయిన్‌కి పెట్టుబడి.

అప్పుడు కొన్నవాళ్ళు లాభపడలేదా? పడ్డారు. 2020 ఏప్రిల్‌లో ఒక బిట్‌కాయిన్ 5 లక్షల రూపాయల పైమాట. 2021 నవంబర్‌లో 50 లక్షలు. పదింతలకి దగ్గర. పది వేలు పెట్టినవాడికి లక్ష వచ్చింది, సరిగ్గా శిఖరం మీద అమ్మి ఉంటే. లక్ష మంచి సొమ్మే. బండి కొనుక్కోవచ్చు, అక్క పెళ్ళి బాకీలో కొంత తీర్చొచ్చు. ధనవంతుడు మాత్రం కాడు. పెట్టుబడి చిన్నదైతే పది రెట్లు పెరిగినా చిన్నదే మిగులుతుందన్న గుణకారం లెక్కని ఆ విజయగాథలు దాటేస్తాయి. మన కుర్రాళ్ళు ఈ సంగతి త్వరగానే గ్రహించారు. గ్రహించి చేసిన పనే కొంప ముంచింది. పెట్టుబడి పెంచడానికి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టారు, లోన్ యాప్‌లలో అప్పు చేశారు, నూటికి మూడు వడ్డీకి తెచ్చారు. కోక్‌లాగా మర్చిపోగల డబ్బు కాదిది. నెల తిరిగేసరికి వడ్డీ గుర్తు చేసే డబ్బు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ దివాలా తీసినప్పుడు బిట్‌కాయిన్ 13 లక్షల చిల్లరకి దిగింది. సొంత సొమ్ముతో కొన్నవాడు కళ్ళు మూసుకుని కూర్చుంటే 2024 డిసెంబర్‌లో లక్ష డాలర్లు దాటడం చూశాడు. అప్పు తెచ్చినవాడు అడుగునే అమ్మేశాడు. ఇద్దరూ ఒకే రోజు కొని ఉండొచ్చు.

ఈ ప్రాంతంలో ముందుగా కొనడం అంటే ఏమిటో భోగాపురం నేర్పింది. అక్కడ విమానాశ్రయం వస్తుందని 2015లో తేలింది. భూసేకరణ మీద రైతులు ఆందోళనలకు దిగారు. 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2023 మే 3న జగన్‌మోహన రెడ్డి మళ్ళీ చేశారు. కట్టే పని చేపట్టింది రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ సంస్థ. ఈ పదేళ్ళలో చుట్టుపక్కల సెంట్లలో చెప్పుకునే ధర గజాల్లోకి మారింది. వెంచర్లు వేసినవాళ్ళు బాగుపడ్డారు. మ్యాపు ముందుగా చూసినవాడు కొన్నాడు, చూడనివాడు ముందుగా అమ్మాడు. అమ్మినవాడి కొడుకే ఇవాళ ఫోన్లో మరో మ్యాపు కోసం వెతుకుతున్నాడు. అతన్ని అత్యాశపరుడనడానికి నాకు నోరు రాదు. తన కళ్ళ ముందే పక్కవాడు ముందుండి గెలవడం చూసినవాడతను.

ప్రభుత్వం వైఖరి మాత్రం వింతగా ఉంది. నిషేధించదు, గుర్తించదు, పన్ను వేస్తుంది. 2022 బడ్జెట్‌లో క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను పెట్టారు. లాటరీకీ, గుర్రప్పందేలకీ ఉన్న రేటే అది. సెస్సుతో కలిపి 31.2 శాతం. ఆ జూలై 1 నుంచి పరిమితి దాటిన అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయడానికి వీల్లేదు, ఒక కాయిన్ మీద నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దడానికీ వీల్లేదు. ఒక కుర్రాడికి బిట్‌కాయిన్ మీద లక్ష లాభం, షీబా మీద లక్ష నష్టం వచ్చాయనుకోండి. వాడి జేబులో మిగిలింది సున్నా, కట్టవలసిన పన్ను 31 వేల 200. ఇది తప్పుడు పనికి జరిమానా అనుకుంటే ఆ మాట చట్టంలో రాయాలి. న్యాయమైన ఆదాయం అనుకుంటే షేర్లకిచ్చే సర్దుబాటు దీనికీ ఇవ్వాలి. రెండూ కాకపోవడం వల్ల జరిగిందేమిటంటే వ్యాపారం విదేశీ యాప్‌లకీ, పీటూపీకీ, అంటే మనిషికి మనిషి నేరుగా జరిపే బేరాలకీ, తరలింది.

పీటూపీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్న పట్నాల్లో దెబ్బ తగులుతున్నది ఇక్కడే. డాలరుతో సమానంగా నడిచే యూఎస్‌డీటీ అనే కాయిన్‌ని బొబ్బిలిలో ఉన్న కుర్రాడు ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారుకి అమ్ముతాడు. అవతలివాడు యూపీఐలో డబ్బు పంపుతాడు. మార్కెట్ రేటుకన్నా రూపాయో రెండో ఎక్కువే ఇస్తాడు. ఆ ఎక్కువ ఎందుకిస్తున్నాడన్నది ఆలోచించాలి. ఆ డబ్బు ఏ రాష్ట్రంలోనో ఒక ముసలాయన్ని బెదిరించి లాగిన సొమ్ము కావచ్చు. ఆయన 1930కి ఫోన్ చేస్తాడు. పోలీసులు డబ్బు నడిచిన ఖాతాలన్నీ వరసగా పట్టుకుంటూ పోతారు, నాలుగో ఖాతా మన కుర్రాడిది. పొద్దున్నే టీ డబ్బులు ఇవ్వబోతే ఫోన్‌పే పనిచేయదు. బ్యాంకుకి వెళ్తే ఎప్పుడూ పేరు వినని ఊరి సైబర్ స్టేషన్ నంబరు ఇస్తారు. అక్కడికి రైలెక్కి వెళ్ళి నిర్దోషినని నిరూపించుకోవాలి. లాభం రెండు వందలు, చిక్కు రెండేళ్ళు. ఇంకా దిగువన, ఏ కాయినూ కొనకుండానే నాలుగైదు వేలకి తమ బ్యాంకు ఖాతా, సిమ్ము, ఏటీఎం కార్డు అద్దెకిచ్చే విద్యార్థులున్నారు. వాళ్ళ దృష్టిలో అది పాకెట్ మనీ. చట్టం దృష్టిలో నేరంలో భాగస్వామ్యం.

నిబంధనలు పాటించి దేశీయ ఎక్స్ఛేంజీలోనే ఉన్నవాళ్ళకైనా భద్రత ఉందా అంటే, 2024 జూలై 18న వజీరెక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయారు. లక్షలాది ఖాతాదారులు ఏడాదికి పైగా తమ సొమ్ము తీసుకోలేకపోయారు. తగువు సింగపూర్ హైకోర్టులో నడిచింది. జూట్ మిల్లు కార్మికుడి కొడుకు సింగపూర్ కోర్టు కాగితాలు చదువుకోవలసి రావడం ప్రపంచీకరణలో కొత్త అధ్యాయమే.

గొలుసుకట్టు పథకాల కథ మనకి కొత్త కాదు కాబట్టి క్లుప్తంగా. అగ్రిగోల్డ్ 32 లక్షల మంది డిపాజిటర్లని ముంచినప్పుడు ఉత్తరాంధ్ర పల్లెలు పెద్ద మూల్యమే చెల్లించాయి. ఏజెంట్లు బయటివాళ్ళు కారు, ఇంటి పక్కవాళ్ళు. ఆ గాయం మానకముందే అదే సరుకు కాయిన్ పేరుతో వచ్చింది. అమిత్ భరద్వాజ్ నడిపిన గెయిన్‌బిట్‌కాయిన్ నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తానంది. అతన్ని 2018లో అరెస్టు చేశారు. వన్‌కాయిన్ అధినేత్రి రూజా ఇగ్నటోవా 2017 అక్టోబర్‌లో మాయమై నేటికీ దొరకలేదు. తెలంగాణలోని నిర్మల్‌లో 2024లో యూబిట్ కాయిన్ పేరిట సాగిన గొలుసు వ్యవహారంలో అరెస్టయినవాళ్ళలో ప్రభుత్వ ఉద్యోగులున్నారు. వీటికి బ్లాక్‌చెయిన్‌తో ఉన్న సంబంధం పేరు వరకే. కింద ఇద్దర్ని చేర్చు, పైవాడికి కమీషన్ వస్తుంది. అగ్రిగోల్డ్ కనీసం భూమి కాగితాలు చూపించింది.

దేశంలో క్రిప్టోతో నిజంగా ధనవంతులైన యువకులు ఎవరని చూస్తే, కొన్నవాళ్ళ కన్నా కట్టినవాళ్ళు ముందు వరసలో ఉంటారు. జయంతి కనానీ, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ 2017లో మాటిక్ మొదలుపెట్టారు. తర్వాత అది పాలిగాన్ అయింది. 2019లో డాలరులో అర సెంటు కూడా చేయని వాళ్ళ కాయిన్ 2021 డిసెంబర్‌లో మూడు డాలర్లకి చేరువైంది. మన దగ్గర కూడా ఆ విత్తనం వేసే ప్రయత్నం జరిగింది. 2016 చివర్లో విశాఖలో ఫిన్‌టెక్ వ్యాలీ మొదలుపెట్టి, భూమి రికార్డులకి బ్లాక్‌చెయిన్ వాడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేశంలో అందరికన్నా ముందు మాట్లాడింది. తర్వాతి ప్రభుత్వాల ప్రాధాన్యాలు మారాయి. రాజాం, విజయనగరం, ఎచ్చెర్ల కాలేజీల్లో చదివే పిల్లలకి వంద కిలోమీటర్ల దూరంలో ఆ పని నేర్చుకునే చోటు నిలబడి ఉంటే, గ్రాఫు చూసే వేళ్ళలో కొన్నయినా కోడు రాసేవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. క్రిప్టో ఈ జిల్లాలకి అతి పెద్ద రూపంలో వచ్చింది కొనుగోలుగా కాదు, ఉద్యోగంగా.

శ్రీకాకుళం నుంచి పనికోసం బయటికి పోవడం తరాల అలవాటు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ బోట్లెక్కుతారు. 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన వాళ్ళ కథే తర్వాత తండేల్ సినిమా అయింది. ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగు, ఫిట్టింగు నేర్చుకుని గల్ఫ్‌కీ సింగపూర్‌కీ పోతారు. అందువల్ల ఏజెంటు ఇక్కడ అపరిచితుడు కాడు. అప్పు చేసి లక్షో లక్షన్నరో ఏజెంటుకి కట్టడం కాలేజీ ఫీజు కట్టినంత మామూలు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, కంప్యూటర్ తెలిస్తే చాలు అన్న మాట ఈ దారిలోనే వచ్చింది. వెల్డింగు హెల్మెట్ అక్కర్లేని ఉద్యోగం, డిగ్రీ చదివిన గుంటడికి అంతకన్నా ఏం కావాలి!

2024 మేలో విశాఖ పోలీసులు ఈ ముఠా గుట్టు రట్టు చేశారు. విశాఖ చుట్టుపక్కల నుంచే సుమారు 150 మంది ఇలా వెళ్ళారని అప్పటి కమిషనర్ రవిశంకర్ అయ్యన్నార్ చెప్పారు. బాధితుల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళూ ఉన్నారు. బ్యాంకాక్‌లో దించి అక్కణ్ణుంచి కంబోడియాకి చేర్చారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. చైనా యజమానులు నడిపే కాంపౌండ్లలో పెట్టి మనవాళ్ళ చేతే మన దేశస్తుల్ని మోసం చేయించారు. కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయని బెదిరించడం, టాస్కులు చేస్తే డబ్బులిస్తామనడం, ఆడపిల్లల పేర్లతో పలకరించి పెట్టుబడి పెట్టించడం. చెప్పినంత రాబట్టకపోతే తిండి పెట్టలేదు, కొట్టారు. మే 20న సిహనూక్‌విల్‌లో దాదాపు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. జిన్‌బే-4 అనే చోటు నుంచి 60 మందిని విడిపించినట్టు మన రాయబార కార్యాలయం ప్రకటించింది. ఆ నెలాఖరులో తొలి బృందం విశాఖ విమానాశ్రయంలో దిగింది. 2022 జనవరి నుంచి 2024 మే వరకు సందర్శక వీసాల మీద ఆగ్నేయాసియా దేశాలకి వెళ్ళి తిరిగిరాని భారతీయులు 29 వేలకు పైగా ఉన్నారని ఇమిగ్రేషన్ లెక్కలు తేల్చాయి. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు నుంచి 540 మందికి పైగా భారతీయుల్ని వైమానిక దళ విమానాల్లో తీసుకొచ్చారు.

పెట్టుబడి మోసం నడిచే తీరు చూస్తే మన విషయం పూర్తి వలయం తిరుగుతుంది. పొరపాటున వచ్చినట్టు ఒక మెసేజ్ వస్తుంది. నాలుగు రోజులు కబుర్లు. అవతలి వ్యక్తి చిన్న వయసు, ఖరీదైన హోటల్, కారు స్టీరింగు మీద చెయ్యి, సముద్రం. ఎలా సంపాదించారంటే సిగ్గుపడుతూ చెబుతుంది: క్రిప్టోలో ముందుగా పెట్టానండి, మా మావయ్య చెప్పాడు. తర్వాత ఒక నకిలీ యాప్. అందులో అంకెలు రోజూ పెరుగుతాయి. మొదట ఓ ఐదు వేలు వెనక్కి తీసుకోనిస్తారు, నమ్మకం కుదురుతుంది. పెద్ద మొత్తం పడ్డాక తీయాలంటే ముందు పన్ను కట్టాలంటారు. ముందుగా కొని కోటీశ్వరుడైన కుర్రవాడి కథే ఇక్కడ అమ్మకపు సరుకు. ఫిన్‌మన్ ఫొటో చూసి ఆశపడిన కుర్రాణ్ణే తాళం వేసిన గదిలో కూర్చోబెట్టి, ఫిన్‌మన్ వేషం కట్టించి, విజయవాడలోనో పుణేలోనో రిటైరైన బ్యాంకు ఉద్యోగికి వల వేయించారు. క్రిప్టోతో ధనవంతుడైన సోంపేట యువకుడు నిజంగానే ఉన్నాడు, కంబోడియాలో ఒక తెర మీద, వేరే పేరుతో.

ఆ కాంపౌండ్ల లాభం చివరికి ఏ రూపంలో నిలవైందో 2025 అక్టోబర్ 14న కొంత బయటపడింది. కంబోడియాలోని ప్రిన్స్ గ్రూపు అధినేత చెన్ జీ మీద న్యూయార్క్‌లో నేరారోపణ పత్రం వెలువడింది. బలవంతపు శ్రమతో మోసాలు నడిపిన కేంద్రాల్లో సిహనూక్‌విల్‌లోని జిన్‌బే కాంపౌండ్ ఒకటని అందులో ఉంది. అతనివని చెబుతూ అమెరికా జప్తుకి పెట్టిన బిట్‌కాయిన్లు 1,27,271. అప్పటి ధరలో 1,500 కోట్ల డాలర్లు, అంటే 1.3 లక్షల కోట్ల రూపాయలు. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ఆరోపణలన్నీ అబద్ధమని ప్రిన్స్ గ్రూపు అంటోంది. తేల్చవలసింది కోర్టు.

అయితే ఆ జప్తు సొమ్ము మీద హక్కు అడగడానికి వరసకట్టేవాళ్ళు ప్రధానంగా డబ్బు పంపి మోసపోయినవాళ్ళు. రాత్రంతా టైపు చేసినవాళ్ళు, ఏజెంటుకి కట్టిన లక్షన్నర అప్పుకి ఇంకా వడ్డీ కడుతున్నవాళ్ళు, ఆ వరసలో ఎక్కడా లేరు. తిరిగొచ్చినవాళ్ళ వాంగ్మూలాలు విశాఖలో పోలీసుల దగ్గరున్నాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్చి, ఎవరు ఏ కాంపౌండులో ఎన్ని నెలలున్నారో జాబితా చేసి, విదేశాంగ శాఖ ద్వారా ఆ కేసు ముందు పెట్టడం రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగిన పని. కష్టమైనదీ కాదు. ఇక్కడ చేయవలసింది ఇంకా చిన్నది. 1983 వలసల చట్టం ప్రకారం నమోదైన ఏజెంటు తప్ప మరో ఏజెంటెవరూ విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపకూడదు. ఆ నమోదు ఉన్నవాళ్ళ పేర్లు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ప్రతి సచివాలయం గోడ మీదా అతికించవచ్చు. పక్కనే, పేరు లేని కన్సల్టెన్సీల గురించి ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరు.